తేనెటీగల పెంపకము: గడ్డుకాలమున ఈగను నిలుపుకొను విధము

మన సంఘ సభ్యులలో కొందఱు తమ తోటలలో ఒకటి రెండు తేనెటీగల పెట్టెలను ఉంచుకొనియున్నారు. వారికి జీవనాధారము సేద్యమే. పెట్టె వేడుకకొఱకును, ఇంటిమట్టునకు తేనె దొరకునను ఆశతోను పెట్టుకొనినది. సంక్రాంతి వెళ్లి మామిడి పూచినప్పుడు ఆ పెట్టె ఈగలతో క్రిక్కిఱిసి యుండును. ఉగాది దాటునప్పటికి సీసాలలో తేనె నిండును. ఆడికృత్తికకు కావళ్లు కదలునప్పటికి పెట్టెలో ఒక్క ఈగయు కానరాదు. అటుపిమ్మట ఆ పెట్టె కోడిపిల్లలను మూయుటకు ఉపయోగపడును. “మన నేల తేనెటీగకు అచ్చిరాదు” అని యజమాని నిశ్చయించుకొనును.

ఈ నిశ్చయము సరికాదు. ఆ ఈగలు చావలేదు, లేచిపోయినవి. ఆకలి, ఎండ, పురుగు, చీమ, వీనిలో ఏది మితిమీఱినను మన నాటు ఈగ ఉన్నయింటిని విడిచి వేఱొక తావు వెదకికొనును. అది దాని స్వభావము. కావున ఈ పనిలో తేనె తీయుట నేర్చుకొనుటకంటె ఈగను నిలుపుకొనుట నేర్చుకొనుట ముఖ్యము. తేనె తీయుట సంవత్సరమునకు నాలుగైదు దినముల పని. ఈగను నిలుపుకొనుట పండ్రెండు నెలల పని. అందును జ్యేష్ఠము మొదలు ఆశ్వయుజమువఱకు మిక్కిలి మెలకువ కావలసిన పని. ఈ వ్యాసమునందు ఆ విషయమే ప్రధానముగ వివరింపబడును.

1. పెంచదగిన ఈగ

మన ప్రాంతమున తేనె కూర్చు ఈగలు నాలుగు విధములవి కలవు. కొండచఱియలకును, ఎత్తయిన కొమ్మలకును, నీళ్ల ట్యాంకుల అడుగునను ఒకేయొక పెద్దపట్టు పెట్టునది పెద్ద తేనెటీగ. తలకోన, శేషాచలము కొండలలో ఇది విస్తారముగ నుండును. యానాదులు మొదలగువారు అడవినుండి తెచ్చు తేనె చాలవఱకు దీనిదే. ఇది బయలున నివసించునది గనుక పెట్టెలో ఇమడదు. పొదలలో పుల్లను పట్టుకొని అరచేయంత పట్టు పెట్టునది చిఱుతేనెటీగ. అదియును పెట్టెకు రాదు. గోడ సందులలో మైనమును బంకను కలిపి గూడు కట్టు కుట్టని చిన్న ఈగ మూడవది. దాని తేనె కొద్దిపాటి.

నాలుగవది చెట్ల తొఱ్ఱలలోను, పాడుపడిన పుట్టలలోను, చీకటిలో ఒకదాని ప్రక్క నొకటిగ అనేక పట్టులు పెట్టు పుట్టతేనెటీగ. చీకటి ఇల్లు దీనికి అలవాటు. అందుచే కొయ్యపెట్టెను కూడ ఇల్లుగా నంగీకరించును. మనము పెంచదగినది ఇదియే.

ఇటలీ తెగ ఈగను గుఱించి పలువురు అడుగుచుందురు. 1962లో నేటి హిమాచల ప్రదేశమునందలి నగ్రోటాలో ఆ తెగ మన దేశమున స్థిరపడినది. అది హెచ్చు తేనె నిచ్చుమాట నిజమే. అయితే దానికి ఆహారము హెచ్చుగ కావలెను. పూత ముగిసినప్పుడెల్ల పెట్టెలను బండ్లపై వేఱొక పూతకు తరలింపవలెను. నూఱు పెట్టెలతో వ్యాపారము చేయువారికి అది తగును గాని, తోటలో రెండు పెట్టెలతో వేడుక తీర్చుకొను రైతునకు నాటు ఈగయే మేలు.

2. పెట్టె

తేనెటీగల పట్టులను కోయకుండ, ఈగలను చంపకుండ తేనె తీయు ఉపాయము ఒక సన్నని సందును కనిపెట్టుటలో నున్నది. 1851లో అమెరికా దేశపు క్రైస్తవ బోధకుడగు లాంగ్‌స్ట్రాత్ అను నతడు దీనిని పెట్టెల నిర్మాణమున ప్రవేశపెట్టెను. పట్టునకును గోడకును నడుమ ఈగ తిరుగుటకు సరిపడు సందు ఉన్నచో అది ఆ సందును మైనముతోగాని బంకతోగాని పూడ్చదు. సందు ఎక్కువైనచో అచ్చట పట్టు కట్టును; తక్కువైనచో బంకతో మూసివేయును. మన నాటు ఈగకు ఈ సందు ఏడెనిమిది మిల్లీమీటర్లు చాలును. ఈ కొలత తప్పనిచో ప్రతి చట్రమును విడివిడిగ పైకి తీసి చూడవచ్చును.

మన ఈగకు తగిన చిన్నపెట్టెను 1910 ప్రాంతమున తిరుచిరాపల్లిలో న్యూటన్ అను జెస్యూట్ గురువు రూపొందించెను. నేటికిని దక్షిణదేశమున ‘న్యూటన్ పెట్టె’ అని వాడుకలో నున్నది అదియే. దీని క్రింది అంతస్తు పిల్లగది. ఇందు ఏడు చట్రములుండును. ఒక్కొక్క చట్రము లోకొలత 210 మిల్లీమీటర్ల పొడవు, 145 మిల్లీమీటర్ల ఎత్తు. పైయంతస్తు తేనెగది; దాని చట్రములు పొట్టివి. మనము తీసికొనదగినది పైగదిలోని తేనెయే. క్రిందిగదిలోనిది ఈగల కూడు. ఈ ఒక్క కట్టుబాటును తప్పకుండుటయే నిలుపుదలకు మొదటి సూత్రము.

పెట్టెను వడ్రంగిచేత చేయించువారు కొలతలు తగ్గింపరాదు, పెంపరాదు. ఒక పెట్టె చట్రము మఱియొక పెట్టెలో సరిపోవలెను. బలహీనమైన కుటుంబమునకు బలమైన కుటుంబమునుండి చట్రమిచ్చి ఆదుకొనుట అప్పుడే సాధ్యమగును.

3. కుటుంబము

ఒక పెట్టెలోని ఈగలన్నియు ఒక కుటుంబము. రాణి ఒక్కతే, గ్రుడ్లు పెట్టుట ఆమె పని. వేలకొలది యుండు కూలి ఈగలు ఆడువే గాని గ్రుడ్లు పెట్టవు. పిల్లలను పోషించుట, మైనము చేయుట, కాపలా, నీరు, పుప్పొడి, మకరందము తెచ్చుట వీని పనులు. ఋతువునుబట్టి కొన్ని వందల పోతుటీగలు పుట్టుచుండును. అవి క్రొత్తరాణితో జతకూడుటకు తప్ప మఱి దేనికిని పనికిరావు.

గ్రుడ్డు మూడు దినములకు పగులును. గ్రుడ్డు పెట్టిన దినము మొదలు రాణి సుమారు పదునాఱు దినములకును, కూలి ఈగ సుమారు ఇరువది దినములకును, పోతుటీగ సుమారు ఇరువదినాలుగు దినములకును అఱనుండి వెలువడును. ఈ లెక్కలు కంఠస్థమై యుండవలెను. అఱ అడుగున నిలువుగ నిలిచిన తెల్లని గ్రుడ్డు కనబడినచో మూడు దినములలోపల రాణి అచ్చట నున్నదని తెలియును. కావున ప్రతిమాఱు రాణిని వెదకుచు ఈగలను కలవరపెట్ట నక్కఱలేదు.

4. మన ప్రాంతపు పూతలు, ఆకలి నెలలు

ఈగకు రెండు విధముల ఆహారము కావలెను. మకరందము అన్నము వంటిది. పుప్పొడి పప్పు వంటిది. పుప్పొడి లేనిచో పిల్లలు పెరుగవు.

దామలచెఱువు, బంగారుపాళ్యము, పుత్తూరు మొదలగు తావులలో మామిడితోటలు డిసెంబరు చివరనుండి ఫిబ్రవరి వఱకు పూయును. తరువాత వేప, నేరేడు; పిమ్మట కానుగ, చింత. కొండవాలులలో ఎఱ్ఱచందనము ఎండకాలమున పసుపుపచ్చగ పూయును. ఈ వరుస మేనెల వఱకు సాగును. మనకు తేనె కాలమనగా ఇదియే. దీని తరువాత కార్తికము వెళ్లునప్పటికి కంది, ఉలవ పూతలతో చిన్నకాలము మఱియొకటి వచ్చును. కొబ్బరిచెట్టు సంవత్సరము పొడవునను కొంత ఆహారమిచ్చును. జొన్న, సజ్జ, మొక్కజొన్నలు పుప్పొడిని మాత్రమే ఇచ్చును.

ఈ రెండు కాలముల నడుమ, మృగశిర కార్తె మొదలు హస్త కార్తె వఱకు, ఈగకు గడ్డుకాలము. ఆ దినములలో మన పొలములు పచ్చగనే యుండును. చూచువారికి ఈగకు కొదువలేదని తోచును. కాని ఆ పచ్చదనమునందలి పైరులు ఏవి? వేరుసెనగ తన పువ్వులో తానే ఫలించునది. దానియందు ఈగకు చెప్పుకొనదగిన ఆహారము దొరకదు. మదనపల్లె వైపున వేలయెకరములలో పండు టమాటా పువ్వులో మకరందము లేదు. చెఱకు పూతకు రాకముందే నఱకబడును. మనకు పంటకాలమైనది ఈగకు కఱవుకాలమగుచున్నది. ఈ సంగతి తెలియకపోవుటచేతనే పెట్టెలు వట్టిపోవుచున్నవి.

పలమనేరు, పుంగనూరు మెట్ట చల్లనిది. సత్యవేడు, నగరి వైపు ఈశాన్యవర్షములు హెచ్చు. కావున పై నెలలు ఊరూరికి పది పదునైదు దినములు ముందువెనుకలగును. ప్రతి సభ్యుడును తన పెట్టెకు ఒక కిలోమీటరు చుట్టును ఏ చెట్టు ఏ కార్తెలో పూయునో ఒక పుస్తకమున వ్రాసికొనినచో రెండేండ్లలో తన ఊరి పంచాంగము తనకే సిద్ధమగును. మన ఈగ మేతకు సామాన్యముగ అంతకు మించి దూరము పోదు.

5. లేచిపోవుటకు ముందు కనబడు గుఱుతులు

ఈగలు ఒక్కనాడు తలంచుకొని మఱునాడు పోవు. రెండు మూడు వారములు ముందుగనే సన్నాహము జరుగును. తెలిసినవాడు దానిని చదువగలడు.

మొదట ద్వారమునొద్ద కాళ్లకు పుప్పొడిముద్దలతో వచ్చు ఈగలు తగ్గిపోవును. పిదప రాణి గ్రుడ్లు పెట్టుట మానును. ఆమె పొట్ట సన్నగిల్లును. అఱలలో గ్రుడ్లుగాని పిల్లపురుగులుగాని లేక, మూతవేసిన ముదురు పిల్లలు మాత్రమే మిగులును. నిలువ తేనె హరించిపోవును. కడపటి పిల్ల అఱనుండి వెలువడగానే ఒక యెండవేళ కుటుంబమంతయు లేచిపోవును.

ఇందు గ్రహింపవలసినది యేమనగా, పిల్లలున్న ఇంటిని ఈగ తేలికగ విడువదు. నిలువయున్న ఇంటిలో రాణి గ్రుడ్లు మానదు. కావున గడ్డుకాలమున మన ప్రయత్నమంతయు రాణి కొంచెముగనైనను గ్రుడ్లు పెట్టుచుండునట్లు చేయుటయే.

6. గడ్డుకాలపు సంరక్షణ

మొదటిది మేత. చక్కెర ఒకపాలు, నీరు ఒకపాలు తూచుకొని, నీటిని కాచి దించి చక్కెర కరగించి పూర్తిగ చల్లార్చవలెను. ఒక్కొక్క కుటుంబమునకు వారమునకు సుమారు రెండువందల గ్రాముల చక్కెర పాకము చాలును. చిన్నగిన్నెలో పోసి, ఈగలు మునిగిపోకుండ గడ్డిపుల్లలు వేసి, పెట్టె లోపలనే ఉంచవలెను. పెట్టవలసినది సూర్యాస్తమయము తరువాత. పెట్టెలన్నిటికిని ఒకేరాత్రి పెట్టవలెను. పగటివేళ పెట్టినను, చుక్క క్రిందపడినను, ఒక పెట్టె ఈగలు మఱియొక పెట్టెపై దోపిడికి దిగును. దోపిడిలో బలహీనమైన కుటుంబము ఒక్కదినములోనే నాశనమగును. పండ్రెండు వారములు పెట్టినను ఒక కుటుంబమునకు రెండున్నర కిలోల చక్కెరకు మించదు. ఆ ఖర్చునకు వెనుదీసి కుటుంబమునే పోగొట్టుకొనుట లాభమా?

మన జిల్లాలో బెల్లము చౌక గనుక బెల్లపునీరు పోయువారు కలరు. అది కూడదు. బెల్లమునందలి మలినము ఈగకు జీర్ణము కాక విరేచనములు పట్టును. తెలియని చోటినుండి వచ్చిన తేనెను కూడ పెట్టరాదు. దానితో రోగము రావచ్చును.

రెండవది ఇల్లు ఇఱుకు చేయుట. పూత ముగిసినతోడనే తేనెగదిని తీసి భద్రపఱుపవలెను. క్రిందిగదిలో ఈగలు కప్పలేని పట్టులను తీసివేయవలెను. ఏడు చట్రములలో నాలుగింటిని మాత్రమే ఈగలు కప్పియున్నచో నాలుగే ఉంచవలెను. ఖాళీపట్టు మైనపుపురుగునకు పుట్టినిల్లు. దీని రెక్కలపురుగు రాత్రివేళ చొరబడి గ్రుడ్లు పెట్టును. పురుగులు పట్టులో సొరంగములు త్రవ్వి తెల్లని సాలెగూడు అల్లును. గూడు అల్లుకొనిన పట్టును మరమ్మతు చేయ వీలుకాదు. కరగించి మైనము తీయవలెను. అడుగుపలకను వారమున కొకమాఱు గీచి తుడిచినచో ఈ పురుగు చాలవఱకు నివారింపబడును.

మూడవది చీమలు. పెట్టెను నాలుగు కాళ్ల పీటపై ఉంచి, ఒక్కొక్క కాలిని నీళ్లగిన్నెలో నిలుపవలెను. గిన్నె ఎండకుండ చూడవలెను. గడ్డిపరక యొకటి పీటకు తగిలినను చీమకు అదియే వంతెన. కందిరీగల బాధ హెచ్చుగనున్నప్పుడు ద్వారమును రెండు మూడు ఈగలు పట్టునంత మాత్రమే ఉంచవలెను.

నాలుగవది నీడ, నీరు. పిల్లలున్న పట్టును ఈగలు ఎల్లప్పుడు ముప్పదినాలుగు ముప్పదియైదు డిగ్రీల వేడిమిలో నిలుపును. మన రోహిణికార్తె ఎండలో పెట్టె కాగినచో అవి పనియంతయు మాని నీరు తెచ్చి చిలకరించుచు, రెక్కలతో విసరుచు కాలము గడుపవలసివచ్చును. మామిడి, చింత నీడలో తూర్పుముఖముగ పెట్టెను నిలిపి, పైన రెల్లుతడకయో తాటాకులో వేసి, దాపున వెడల్పుమూకుటిలో గులకఱాళ్లు వేసి నీరుంచవలెను. చిత్త, స్వాతి కార్తెలలో ముసురు పట్టి మూడునాలుగు దినములు ఈగలు బయటికి పోలేనిచో మఱల పాకము పెట్టవలెను. వాననీరు లోపల నిలువకుండ పెట్టె కొంచెము ముందునకు వాలియుండవలెను.

అయిదవది కలుపుట. రెండు చట్రములకు మించి ఈగలు లేని కుటుంబము గడ్డుకాలమును దాటుట కష్టము. రెండు బలహీనములను కలిపి ఒక బలవంతమును చేయుట తెలివి. మందకొడి రాణిని తొలగించి, ఒక పెట్టెపై వార్తాపత్రిక పఱచి సూదితో నాలుగు బెజ్జములు పొడిచి, దానిపై రెండవ పెట్టె పిల్లగదిని సాయంకాలము నిలుపవలెను. ఈగలు కాగితమును కొఱుకునప్పటికి రెండు మూడు దినములగును. ఆలోగా ఒకదాని వాసన మఱియొకదానికి అలవాటై పోరు లేకుండ కలిసిపోవును.

లేచిపోవు గుఱుతులు అప్పటికే కనబడినచో బలమైన ఆరోగ్యవంతమగు పెట్టెనుండి పిల్లలున్న చట్రమొకటి తెచ్చి ఇచ్చి, పాకము పెట్టి, ద్వారమునకు రాణి గేటు అను సన్నని రంధ్రముల రేకును తగిలింపవలెను. దానిలో కూలి ఈగలు పట్టును గాని రాణి పట్టదు. రాణిని విడిచి కుటుంబము పోదు. అయితే ఈ రేకు వారమునకు మించి ఉండరాదు. కారణమును సరిచేయక రేకును మాత్రము నమ్ముకొనుట ఆకలిగొన్న పశువును కట్టివేసినట్టిది.

7. పెట్టెను తెఱచి చూచుట

వారమునకో పదిదినములకో ఒకమాఱు చూచుట చాలును. దినమున కొకమాఱు తెఱచినచో ఆ బాధకే ఈగ లేచిపోవును. గాలి, వాన లేని ఉదయము ఎనిమిది పదిగంటల నడుమ అనుకూలము. అత్తరు, వాసననూనె పూసికొని పోరాదు. ద్వారమున కెదురుగ కాక ప్రక్కన నిలిచి, కొబ్బరిపీచు పొగ కొంచెము చూపి, చట్రములను నిదానముగ నిలువుగనే ఎత్తి చూడవలెను. గ్రుడ్లున్నవా? మూతవేసిన పిల్లలు తెంపులేకుండ పఱచుకొనియున్నవా? పట్టు పైయంచున తేనె యున్నదా? పుప్పొడి యున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొని మూసివేయవలెను. ఒక అఱలో రెండు మూడు గ్రుడ్లు గోడలకంటి కనబడినచో రాణి లేదనియు, కూలి ఈగలే పనికిరాని గ్రుడ్లు పెట్టుచున్నవనియు తెలిసికొని ఆ కుటుంబమును మఱియొకదానితో కలుపవలెను.

ఈగ కుట్టినచో ముల్లును వెంటనే గోటితో గీచి తీసివేయవలెను. వాపు సామాన్యమే. కాని ఒడలంతయు దద్దురులు లేచినను, ఊపిరి ఆడకపోయినను, కన్నులు తిరిగినను ఒక్కనిమిషమైనను ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అట్టివారు ఈ వేడుకను మానుకొనుటయే క్షేమము.

8. గుంపు విడిపోవుట

లేచిపోవుట వేఱు, గుంపు విడిపోవుట వేఱు. మొదటిది లేమివలన, రెండవది కలిమివలన. కార్తిక మార్గశిరములలో ఆహారము హెచ్చి ఇల్లు ఇఱుకైనప్పుడు పట్టుల క్రిందియంచున వేరుసెనగకాయవలె వ్రేలాడు రాణి అఱలు కనబడును. పాతరాణి సగము ఈగలతో బయలుదేఱును. దానికి ముందే యజమాని ఆ కుటుంబమును రెండుగా చేయవలెను. పాతరాణిని కొన్ని చట్రములతో క్రొత్తపెట్టెకు మార్చి, ముదురు రాణి అఱ నొకదానిని పాతపెట్టెలో నిలిపి, తక్కిన అఱలను తీసివేయవలెను. ఈ విధముగ ఖర్చులేకుండ పెట్టెలు హెచ్చును. తల్లిపెట్టెకు బలము చాలనిచో విభజింపరాదు.

9. సంచిరోగము

1991–92లో కేరళము, తమిళనాడులందు సంచిరోగమను అంటువ్యాధి నాటు ఈగలలో ప్రబలి, తాకినచోట్ల నూటికి తొంబది కుటుంబములవఱకు తుడిచిపెట్టెను. తరువాత ఇతర దక్షిణ రాష్ట్రములకును వ్యాపించెను. ముదిరిన పిల్లపురుగు అఱలో తల పైకెత్తి పడవ ఆకారమున చచ్చియుండును. చిమటాతో ఎత్తినచో నీరు నిండిన సంచివలె వ్రేలాడును. దీనికి మందు లేదు. రోగము తగిలిన పెట్టె చట్రమును మఱియొక పెట్టెకు ఇయ్యరాదు. చేతులను పనిముట్లను కడుగక మఱియొక పెట్టెను ముట్టరాదు. రాణిని కొన్నాళ్లు పంజరమున నిలిపి పిల్లల వరుసను తెంపినచో కొన్ని కుటుంబములు కోలుకొనును. రోగమును తట్టుకొని నిలిచిన కుటుంబమునుండియే క్రొత్తపెట్టెలను విభజించుట మంచిది. ఎక్కడివో తెలియని కుటుంబములను చౌకయని కొనుట ప్రమాదము.

10. తేనె తీయుట

తేనెగది పట్టులో నాలుగింట మూడుపాళ్లు అఱలకు మైనపుమూత పడిన పిమ్మటనే తీయవలెను. మూతపడని తేనెలో నీరు హెచ్చు. నూటికి ఇరువదిపాళ్లకు మించి నీరున్న తేనె పులియును. మూతను కత్తితో గీచి, చట్రమును తేనె తీయు యంత్రమున త్రిప్పినచో తేనె మాత్రము జాఱి పట్టు చెడక నిలుచును. ఆ పట్టును తిరిగి ఇచ్చినచో ఈగలకు క్రొత్తమైనము చేయు శ్రమ తప్పును.

పిల్లగది తేనెను ముట్టరాదు. చింతపూత చివరి తేనెలో కొంతభాగమును పైగదిలోనే విడుచుట మంచి ఆచారము. మేనెలలో ఆశపడి ఊడ్చినవాడే శ్రావణమున వట్టిపెట్టెను చూచును. చక్కెరపాకము పెట్టుచున్న దినములలో తేనె తీయరాదు. తీసిన యెడల అది తేనె కాదు, పాకమే. దేవుని అభిషేకమునకును, పసిబిడ్డ మందునకును మననుండి తేనె కొనుపోవువారికి ఆ అన్యాయము చేయరాదు. మన ఈగతో మంచి సంరక్షణలో సంవత్సరమునకు పెట్టెకు ఐదాఱు కిలోలు ఆశింపవచ్చును. అంతకు మించి చెప్పువారి మాట నమ్మదగదు.

11. మందుల పిచికారి: సంఘము చేయవలసిన పని

ఇంతవఱకు చెప్పినదంతయు ఒక్క యజమాని చేయగలది. ఇకమీదిది ఒక్కనివలన కాదు.

మామిడి పూతపై తేనెమంచు పురుగు పడును. దాని నివారణకు కొట్టు మందులలో ఇమిడాక్లోప్రిడ్ వంటివి ఈగకు ప్రాణాంతకములు. వాని ప్రభావము పూవునందు కొన్ని దినములు నిలుచును. పూత విచ్చుకొనిన పిమ్మట పొరుగుతోటలో ఉదయమున మందు కొట్టినచో సాయంకాలమునకు పెట్టె ముందఱ నాలుకలు చాచి చచ్చిన ఈగలు పోగుపడును. ఈగల యజమానికి అది ఏడాది శ్రమ. పొరుగువానికి అది తెలియనైనను తెలియదు. ఊరిలో ఇట్టి వైరములు పెరుగుట మంచిది కాదు. మామిడి రైతు తన పూతను కాపాడుకొనవలదా? తప్పక కాపాడుకొనవలెను. కాని పూగుత్తి మొలకెత్తి పువ్వులు విచ్చకమునుపే పురుగును గమనించి మందు కొట్టుట మామిడికిని మేలు, ఈగకును మేలు. పూత విచ్చిన తరువాత కొట్టకుండుటయే ఉత్తమము. విధిలేనిచో ఈగలు ఇల్లు చేరిన సాయంకాలము కొట్టవలెను. ముందునాడే తెలిసినచో యజమాని రాత్రి ద్వారమునకు ఇనుపజల్లెడ బిగించి, తడిగోనెతో పెట్టెను చల్లబఱచి, మఱునాడొక దినము ఈగలను లోపల నిలుపగలడు.

ఈగవలన ఊరికి కలుగు మేలును కూడ పొరుగువారికి చెప్పవలెను. గుమ్మడి, దోస, పుచ్చ తీగలకు మగపువ్వు వేఱు, ఆడపువ్వు వేఱు; ఈగ వ్రాలనిదే పిందె నిలువదు. ప్రొద్దుతిరుగుడు గింజ నిండుటయు ఈగవలననే. మామిడికి ఇతరములగు ఈగలు, దోమలు హెచ్చుగ తోడ్పడినను తేనెటీగయు తనవంతు చేయును.

కావున పూత కాలమున మన సంఘ కార్యాలయపు పలకపై ‘రేపు మందు కొట్టు తోటలు’ అని సర్వే నంబర్లతో వ్రాయు ఏర్పాటు కావలెను. దీనికి పైకము అక్కఱలేదు, సుద్దముక్క చాలును. పెట్టెలున్న సభ్యులు తమ పేర్లను, పెట్టెలున్న చోటును కార్యదర్శికి తెలుపవలెను. తేనె తీయు యంత్రము ఒక్కొక్కరు కొననక్కఱలేదు. సంఘమునకు ఒకటున్నచో అందఱికిని చాలును. కొడగులోని విరాజుపేటలో 1936లో తేనె ఉత్పత్తిదారులు సహకార సంఘముగ నేర్పడి తమ తేనెను ఒక్కపేరున అమ్ముకొనిరి. ఆ మార్గము మనకును తెఱచియే యున్నది.

2020లో కేంద్ర ప్రభుత్వము జాతీయ తేనెటీగల పెంపకము, తేనె మిషన్ అను పథకమును ప్రారంభించినది. ఇట్టి పథకముల సహాయమున పెట్టె దొరకవచ్చును. కాని ఆషాఢమాసపు సాయంకాలమున పాకపుగిన్నె పట్టుకొని పెట్టెయొద్దకు పోవలసినవాడు సభ్యుడే. ఈ సంవత్సరము పెట్టె యున్న ప్రతి సభ్యుడును మృగశిర కార్తె ప్రవేశించిన నాడే తేనెగదిని దించి, పట్టులు లెక్కించి, మొదటి పాకము పెట్టవలెనని కోరుచున్నాను. హస్తకార్తె వఱకు ఎన్ని కుటుంబములు నిలిచినవో ఆ లెక్క కార్యదర్శికి అందజేసినచో, ఏ ఊరిలో ఏ పద్ధతి ఫలించినదో చూచుకొని రాబోవు మామిడిపూతకు అందఱమును సిద్ధపడవచ్చును.